శ్రీరాంపూర్‌లో డిష్ బిగించిన పూట

ఇప్పుడంటే సినిమాలూ వార్తలూ అన్నీ జేబులోని ఫోన్‌లోకే వచ్చేస్తున్నాయి కానీ, నేను పనిలో చేరిన కొత్తలో మిద్దె మీద డిష్ ఉన్న ఇంటికి వాడకట్టులో ఒక లెక్క ఉండేది. ఆ లెక్కను నిచ్చెనలెక్కి బిగించే ఉద్యోగం నాది. మంచిర్యాలలో ఒక సేటు షాపులో కొన్నాళ్ళు వైరు చుట్టలు మోసి, కనెక్టర్లు బిగించడం నేర్చుకుని, ఇక నాకు పనంతా వచ్చేసిందని నమ్మకం కుదిరింది (కుదిరింది నాకే, సేటుకు కాదు). అలాంటప్పుడు ఒక పొద్దున ఆయన డిష్షూ వైర్లూ నా బండికి కట్టించి, "శ్రీరాంపూర్ల ఒక క్వార్టర్ ఉన్నది. నువ్వొక్కనివే పోయిరా. జర ఇజ్జత్ కాపాడు" అన్నాడు. నేను గాల్లో తేలుతూ వెళ్ళాను.

అది ఒక బొగ్గుబావి కార్మికుడి ఇల్లు. బావిలో పనిచేసి ఊపిరి చెడగొట్టుకుని, ఉద్యోగానికి పనికిరాడని తేల్చాక ఇంట్లో కూర్చున్న పెద్దమనిషి. ఆయన జాగలో ఆ నౌకరీ కొడుక్కి వచ్చింది. బాపుకు పొద్దుపోవాలని డిష్ తెప్పించింది ఆ కొడుకే. నేను వెళ్ళేసరికి వాళ్ళవ్వ, అంటే ఆ కొడుకు తల్లి, కొబ్బరికాయ చేతిలో పట్టుకుని గడపలో చెప్పులేసుకుంటోంది. "ఇయ్యాల మావోడు మొదటిసారి బాయిల దిగుతుండు బిడ్డా, పగటాల్ల షిఫ్టు, బువ్వ తిని పోతడు. గుడికి పోయొస్త. వీళ్ళిద్దరున్నరు గదా, నీకేమన్న కావాల్నంటె అడుగు" అని వెళ్ళిపోయింది.

డిష్ బిగించడం పెద్ద పని కాదు, తిప్పడమే పని. గోరంత అటో ఇటో జరిగినా ఆకాశం మనకు అందదు. పైన ఒకరు తిప్పుతుంటే కింద ఒకరు టీవీ చూసి చెప్పాలి. పెద్దాయన్ని టీవీ ముందు కూర్చోబెట్టి, "కాకా, గీ సిగ్నల్ గీత పచ్చగ నిండితె వచ్చినట్టు. జర చెప్పుండ్రి" అన్నాను. ఆయనకు అస్తమానం అరిచే ఊపిరి లేదు కాబట్టి కొడుకును బయట కిటికీ దగ్గర నిలబెట్టాను. టీవీ సరిగ్గా కిటికీ కింద ఉంది. బయట నిలబడ్డవాడికి వాళ్ళ బాపు మొహం తప్ప తెర కనిపించదు. ఈ ఏర్పాటంతా చూసుకుని నా తెలివికి నేనే మురిసి మిద్దెక్కాను.

"వచ్చిందా?" అని అరిచాను. మళ్ళీ అరిచాను. కొడుకు మెల్లగా నిచ్చెన దగ్గరికి వచ్చాడు.

"అన్నా, మా బాపు నాతోని మాట్లాడడు. ఏదున్నా నడుమల మా అవ్వ చెప్తది. అవ్వ వచ్చేదాక ఆగుదామా?"

వాడు చెప్పిన సంగతేమిటంటే, కొడుకు చదువుకుని పైన వెలుతురులో ఏదైనా పని చూసుకోవాలని ఆయన ఆశ. ఏ పనీ దొరక్క కొడుకు చివరికి బావి పనికే ఒప్పుకున్నాడు. అవ్వ బతిమాలితే నౌకరీకి సరేనన్నది ఆయనే, ఆ రోజు నుంచి కొడుకుతో మాట మానేసిందీ ఆయనే. ఇవేవీ నాకు పట్టలేదు. సాయంత్రంలోగా మరో ఇంటికి వెళ్ళాలన్న తొందర నాది. "ఆగుడేంది తమ్మీ, అడుగు" అన్నాను.

వాడు కిటికీలోకి కాకుండా గోడకు చెప్పినట్టు, "పైనాయన అడుగుతున్నడు, వచ్చిందా అని" అన్నాడు. లోపలి నుంచి ఆయన కూడా ఎవరికీ కాకుండా, "రాలేదని చెప్పుండ్రి ఎవరన్న" అన్నాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఇలా ఇద్దరూ గోడలతో మాట్లాడుతుంటే నేను ఎండలో డిష్ తిప్పాను. కాసేపటికి ఆయనకు ఓపిక పోయింది. "రాలేదురా! కుడికి తిప్పుమను!" అని అరిచాడు. కిటికీ దగ్గర కొడుకు తలెత్తి బాపును చూశాడు. ఆయన మీది నుంచి చూపు తిప్పకుండానే నాకు చేత్తో కుడివైపు చూపించాడు.

కుడికి తిప్పగానే నా చేతిలోని సిగ్నల్ చూసే మీటర్ ఆగకుండా కూసింది. సిగ్నల్ దొరికినట్టే. కానీ కింది నుంచి "రాలే" అన్న మాటే వచ్చింది. నేను మీటర్‌ను అనుమానించాను. కనెక్టర్ ఊడదీసి, వైరు కొత్తగా ఒలిచి బిగించాను. రాలే. ఎల్‌ఎన్‌బీ అని డిష్ మూతి ముందుండే డబ్బా ఒకటుంటుంది, దాన్నీ ఊడదీసి మళ్ళీ పెట్టాను. రాలేదట. సేటు దగ్గర నా ఇజ్జత్ పోయినట్టేనని ఏడుపొచ్చింది. సరిగ్గా కిటికీ పైన, మిద్దె అంచున ఉన్న నాకు ఆ 'రాలే'ల నడుమ వేరే మాటలు వినిపించసాగాయి.

"బూట్లు కొత్తయి. మడిమె కాడ కొరుకుతయ్, దూది పెట్టుకో."

"పెట్టుకున్న బాపు."

"బాయిల ముందుగాల పైకప్పును కట్టెతోని కొట్టి సూడు. డొల్లగ మోగితె దాని కింద నిలవడకు. ఎవ్వడు చెప్పినా నిలవడకు. ఇన్నవా?"

"ఇన్న."

"ఏందట, ఇంక తిప్పుతలేడా ఆయన? రాలేదని చెప్పు!"

ఇంతలో అవ్వ గుడి నుంచి వచ్చింది. లోపలికి వెళ్ళి, వెంటనే పెరటి దారిన నిచ్చెన కిందికి వచ్చి నిలబడింది. కళ్ళు తుడుచుకుంటూ గొంతు తగ్గించి, "బిడ్డా, ఆ గీత పచ్చగ నిండే ఉన్నది. నువ్వు జరసేపు దిగకు, నీకు దండం పెడ్త" అంది.

అప్పుడు నాకు అర్థమైంది. కదలకుండా ఉన్న డిష్‌ను పట్టుకుని తిప్పుతున్నట్టు నటిస్తూ, మధ్యమధ్య "వచ్చిందా?" అని అరుస్తూ కూర్చున్నాను. అరికాళ్ళు మాడిపోతున్నాయి. ఏమీ చేయకుండా ఉండే పనిని నా జీవితంలో అంత శ్రద్ధగా మరెప్పుడూ చేయలేదు.

షిఫ్టు సైరన్ మోగింది. అవ్వ కొడుకు నుదుట కుంకుమ పెట్టింది. వాడు బండి తీశాడు. పెద్దాయన దగ్గుకుంటూ గేటు దాకా వచ్చి, హ్యాండిల్ మీద చెయ్యి వేసి కాసేపు తియ్యలేదు. తర్వాత, "వచ్చిందిరా. మంచిగ వచ్చింది. పోయిరా" అన్నాడు.

ఒక్క డిష్‌కు పూటంతా పట్టిందని సేటు ఆ సాయంత్రం నన్ను చెడామడా తిట్టాడు. ఇప్పుడు మా అబ్బాయి రోజూ పొద్దున్నే బండి మీద పనికి వెళ్తాడు. నాకు మాత్రం వాడు గేటు దాటే వేళకే చెప్పాల్సిన మాట ఏదో ఒకటి గుర్తొస్తుంది. ఆనాడు మిద్దె మీద కూర్చుని, ఈ ముసలాయనకు కళ్ళు కనపడవా అని మనసులో తిట్టుకున్న పెళ్ళికాని కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. పాపం, వాడికేం తెలుసు.