గాలిగొట్టానికి గంధం బొట్టు

1934లో పుదుచ్చేరి బయట ఎర్రమట్టి మెట్టమీద ఒక తాటాకుల షెడ్డు ఉండేది. అందులో ఒక్కటే విమానం. ముత్తియాల్‌పేట బట్టల వ్యాపారి రంగసామి నాయుడిది. ఆయన మద్రాసులో నేర్చుకున్నది వేరే రకం విమానం మీద. ఏ యంత్రం బుద్ధి దానిదే. దీని బుద్ధి నేర్పడానికి నన్ను కుదుర్చుకున్నాడు. నడిపేవారు వెనక సీటులో, తోడు వచ్చేవారు ముందు సీటులో కూర్చోవాలి. నడిపే కర్రను స్టిక్ అంటాం. అది ఇద్దరి దగ్గరా ఉంటుంది. మాట్లాడుకోవడానికి ఒక రబ్బరు గొట్టం.

మొదటి రోజే ఆయన భార్య కన్నమ్మ కూడా వచ్చింది.

"నాగ్గూడా నేర్పన్నా. పైన ఈయనకి కండ్లు తిరిగితే నేనేం జేసేది? దండం పెట్టుకుంటా కూసోవాల్నా?"

నాయుడు నవ్వాడు. "దానికేం నేర్పుతావప్పా. కుట్టుమిషను జూస్తేనే భయపడతాది."

నాకు ఒళ్ళు మండింది. పోతే ఇద్దరి ప్రాణాలూ పోతాయి, పాఠం మాత్రం ఒకరికేనా? ఇద్దరికీ నేర్పుతానని తెగేసి చెప్పాను.

గాలిలో వేగమే ప్రాణం. అది తగ్గితే విమానం రాయిలా పడుతుంది. వేగం చూపే ఎయిర్‌స్పీడ్ మీటరుకు రెక్క దగ్గర సన్నటి గాలిగొట్టం ఉంటుంది. ఎదురుగాలి దాని నోట్లో దూరితేనే మీటరు ముల్లు కదులుతుంది. కన్నమ్మకు ఆ అంకెలు తలకెక్కలేదు. అందుకని చెవితో నేర్పాను.

"రెక్కల నడుమ ఉక్కు తీగలు బిగించి ఉండాయి గదమ్మా. వేగం ఉన్నంతసేపూ అవి పాడతాయి. పాట సన్నగిల్లితే ముక్కు దించు. కూత పెడితే ఎత్తు."

ఆ పాఠం జరుగుతున్నంతసేపూ నాయుడు దూరంగా కూర్చుని చుట్ట కాల్చుకున్నాడు.

దంపతులిద్దరే ఎగరాల్సిన రోజు వచ్చింది. పొద్దున్నే యంత్రమంతా తడిమి చూసి పెట్రోలు తేవడానికి వెళ్ళాను. వచ్చేసరికి పూజ అయిపోయింది. కొత్త బండి అంటే మనవాళ్ళు ఊరుకుంటారా? చక్రాల కింద నిమ్మకాయలు, ఇంజనుకు దండ, ఒళ్ళంతా గంధం బొట్లు. దండ తీయించి పంపాను.

జాలరిపల్లె వైతికుప్పం మీదుగా సముద్రం వైపు వెళ్ళి చక్కగా తిరిగారు. దిగే సమయానికి విమానం ముక్కు కిందికి పెట్టి గద్దలా దూసుకొచ్చింది. అంత వేగంతో నేలను తాకితే ఇద్దరూ దక్కరు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంతలో ముక్కు లేచింది. ఇంజను హోరు తగ్గింది. ఇంకో చుట్టు తిరిగి మెత్తగా దిగారు.

నాయుడు దిగుతూనే మీటరు వైపు వేలు చూపించాడు. "పైన ముల్లు జూడనే లా. దిగేటప్పుడు జూస్తే సున్నాకాడ సచ్చి పడుండాది అన్నా. పడిపోతా ఉండామని ముక్కు దించినా. ఇంకా దించినా."

"తీగలు కూత బెడతా ఉంటే పడేది యాడ?" అంది కన్నమ్మ. "ముల్లును ఇడిసిపెట్టి కర్ర లాగమని రబ్బరు గొట్టంలో అరిసినా. ఇనలా. నేనే లాగినా."

వెళ్ళి చూస్తే గాలిగొట్టం నోటికి నిండుగా గంధం, మధ్యలో కుంకుమ. కన్నమ్మ నాలుక కరుచుకుంది.

"దాన్నేమనొద్దు," అన్నాడు నాయుడు. "ఆ ఒక్కటీ మర్సిపోయినావని నేనే పెట్టించినా."

ముగ్గురం పడీపడీ నవ్వాం. బతికి బయటపడ్డ సంతోషం అది.

మర్నాడు నాయుడు చుట్ట లేకుండా వచ్చాడు. "ఆ తీగల పాఠం నాగ్గూడా జెప్పన్నా."

"నేనెందుకయ్యా? చెప్పేవాళ్ళు మీ ఇంట్లోనే ఉండారు."

కన్నమ్మ అప్పటికే ముందు సీటులో ఉంది. "ఎక్కండి," అంది. "మీ ముల్లుకి గుడ్డ గట్టేసినా. ఇయ్యాల చెవులతో నడపండి."

ఆ తర్వాత ఎవరికి నేర్పినా మొదట భార్యాభర్తలిద్దరినీ రమ్మనేవాణ్ణి. ఆపైన ముల్లుకు గుడ్డ కట్టేవాణ్ణి. ఆ రెండోది నాకు కన్నమ్మ నేర్పింది.