హాజరీ పట్టీలో శనిగ్రహం

పంతొమ్మిది వందల ఎనభైలో ఒక పొద్దున, గల్ఫులోని ముసఫ్ఫా కూలీల క్యాంపులో నేను కంపెనీ బస్సు పక్కనే నిలబడి ఉండగా, నేను లేనని రూఢి చేసుకుని బస్సు వెళ్లిపోయింది. సైటుదాకా ఎండలో నడిచాను. హాజరీ పిలిచేది మా లింబాద్రి. పలికినవాళ్లే బస్సెక్కాలి. అతను "కయమాను!" అని మూడుసార్లు అరిచాడు. అది నేనేనని నాకు తెలియదు.

లింబాద్రికి ఒక్కటే పిచ్చి. కనిపించిన మనిషికల్లా వెనకటి బాబిలోను వాళ్ల చుక్కల పేరు తగిలించేవాడు. ఇరాకీ సర్వేయరుకు కొలబద్ద పట్టుకుంటూ నేర్చిన విద్య అది. ఎర్రమొహం ఫోర్‌మన్ సల్బతాను, అంటే కుజుడు. వంట చేసే హయాత్ బాషా దిల్‌బాత్, అంటే శుక్రుడు. ఉర్దూలో ఏదో మనసు మాట అనుకుని బాషా సిగ్గుపడి, లింబాద్రికి రెండు గరిటెలు పప్పు ఎక్కువ పోసేవాడు.

"మరి కయమాను అంటే?" అన్నాను, చెమట తుడుచుకుంటూ.

"శని."

వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

ఆ వారం చివర్న లచ్చన్న దిగాడు. ఊళ్లో నాలుగు మగ్గాల ఆసామి. అవి అమ్ముకుని వీసా తెచ్చుకున్నాడు. ఫోర్‌మన్ "యల్లా, ఏక్ సౌ బీస్!" అని నంబరుతో పిలవగానే పెట్టె సర్దాడు.

"నాకు పేరు లేదా? ఆసామిని, ఈడ కూలోన్నయిన. ఇంటికి పోత. ఖలాస్!"

"పోయి ఏం చేస్తవ్? మగ్గాలు కూడా లేకపాయె," అన్నాను. వినలేదు. బయట బస్సు హారన్ కొడుతోంది.

లింబాద్రి లోపలికొచ్చి, "నీ పేరు అగ్రు," అన్నాడు.

"అంటే?"

"కూలోడు."

నేను అడ్డం పడకపోతే పెట్టె లింబాద్రి నెత్తిన పడేదే.

"ఆగు లచ్చన్నా!" అన్నాడు లింబాద్రి. "మనం మేషరాశి అంటం గదా, దాన్నే బాబిలోనోళ్లు కూలోడన్నరు. రాశులల్ల మొదటోడు. సూర్యుడంతటోడు గూడ ఏడాదికోపారి వాని ఇంటికి రావాలె."

లచ్చన్న పెట్టె దించాడు. "సూర్యుడా?"

"ఫోర్‌మన్ గూడ. సల్బతానుకు వేరే తొవ్వ లేదు."

లచ్చన్న ఫక్కున నవ్వాడు. బస్సు దగ్గర లింబాద్రి "అగ్..." అనకముందే "హాజిర్!" అన్నాడు.

అప్పుడు చూశాను, లింబాద్రి చేతిలోని పట్టీ. అందులో ఒక్క మనిషి పేరూ లేదు. పేర్లతో పిలవొద్దని ఫోర్‌మన్ ఆర్డరు. అన్నీ నంబర్లే. ఒక్కో నంబరు పక్కన పెన్సిలుతో ఒక్కో చుక్క పేరు. ఇవేమిటని ఫోర్‌మన్ అడిగితే తెలుగు అంకెలని చెప్పాడట!

నా కోపం సగం దిగింది. మిగతా సగంతో అడిగాను: "అందరికీ మంచి పేర్లు పెట్టి, నాకు శనా?"

"కయమాను అంటే నిలకడగలోడే అన్నా, ఎన్నడూ తొవ్వ తప్పడు, నడిచొస్తవని ఎరికె, గందుకే బస్సును పొమ్మన్న."