శిలువ కుట్టిన సంచులు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది మాట. నంద్యాలలో బస్టాండు వెనక సందులో నాదొక టైలరింగ్ షాపు. రెండు కుట్టుమిషన్లు, బట్ట అంచు పోగులు లేవకుండా చుట్టి కుట్టే ఓవర్‌లాక్ మిషను ఒకటి, అంతే. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు నా పని. ఇరవై ఏళ్లకు పైగా కుడుతున్నాను. ఇన్నేళ్లలో బిగుతైన జాకెట్లున్నాయి, వదులైన జాకెట్లున్నాయి, అన్నీ విప్పి సరిచేసి ఇచ్చాను. విప్పినా సరికాని పని మాత్రం ఒక్కటే చేశాను. అది జాకెట్టు కూడా కాదు, చేతిసంచి.

మా చర్చి వెనక ఒక మురుగుకాలువ ఉంది. ఆదివారం ఆరాధన ముగిశాక మేమంతా చికెన్ అంగళ్ల మీదుగానే ఇళ్లకు పోతాం. ఇంటికొక నల్ల కవరు. మసాలాకు ఒకటి, పెరుగుకు ఇంకొకటి. ఆ కవర్లన్నీ తిరిగి తిరిగి మా కాలువలోకే చేరేవి. ఆ ఏడు వానలకు కాలువ పూడిపోయి నీళ్లు చర్చి ఆవరణలోకి వచ్చేశాయి. చీరలు ఎగ్గట్టి మేమే చేతులతో కవర్లు లాగి బయట పోశాం. ఆ కంపు రెండు రోజులు వదల్లేదు.

ఆ వారమే పాస్టరమ్మ స్త్రీల సమాజంలో తీర్మానం పెట్టింది. పాస్టరుగారి భార్యను మేమంతా పాస్టరమ్మ అనే పిలుస్తాం. ఇంటికొక గుడ్డసంచి కుట్టించి ఇవ్వాలి, స్టీలు డబ్బా ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి, క్రిస్మస్ నాటికి మా సంఘంలో నల్ల కవరు కనబడకూడదు. అందరూ సరేనన్నారు. అప్పుడు ఆమె అంది:

“ఆళ్లగడ్డ చర్చిలో మన సలోమి కుట్టిన సంచులు సూసినా. ఆడ అందరి చేతుల్లో అవే. ఆ పిల్లతోనే కుట్టిద్దామా?”

నా ఒళ్లు భగ్గుమంది. సలోమి నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి నేర్పాను. పెళ్లయి ఆళ్లగడ్డ పోయింది. పోయింది పోయినట్టు ఉండక, అక్కడ షాపు పెట్టి పేరు తెచ్చుకుంది. రెండూళ్లకూ మధ్యనుండే శిరివెళ్ల ఆడవాళ్లు ఇదివరకు నంద్యాల బస్సెక్కి నా దగ్గరికి వచ్చేవాళ్లు. ఇప్పుడు ఎదురు బస్సెక్కుతున్నారు. ఇప్పుడు నా సొంత చర్చిలో, నా ముందరే, దాని పేరు!

“ఆ పిల్ల కుట్టు నాలుగు ఉతుకులకు ఊడిపోతాది పాస్టరమ్మా. నేర్పించినదాన్ని, నాకు తెలీదా?” అనేశాను.

అది పచ్చి అబద్ధం. సలోమి వేసే డబల్ కుట్టు నాదానికంటే గట్టిది. మా సమాజంలో అందరికంటే పెద్దదైన శాంతమ్మవ్వ నా మొగం కాసేపు చూసి, “కరుణనే కుట్టనీండి లేమ్మా” అంది. హమ్మయ్య, గెలిచాననుకున్నాను.

ఇక చూడండి నా తిప్పలు. సలోమి సంచి చూసినవాళ్లు నా సంచి చూసి నోరు వెళ్లబెట్టాలి, ఒకటే పట్టుదల. తెల్ల కాటన్ తెచ్చాను. అంచులకు ఎర్ర పైపింగ్ వేశాను, అంటే సన్నని తాడు లోపల పెట్టి అంచు ఉబ్బేలా కుట్టడం. బైబిలు, పాటల పుస్తకం కుదురుగా కూర్చునేలా కట్ చేశాను. ముందువైపు ఎర్ర దారంతో చిన్న శిలువ, ఒక్కొక్కటీ చేత్తోనే కుట్టాను. పంచిపెట్టిన రోజు ఆడవాళ్లు సంచి తిప్పి తిప్పి చూసుకుంటుంటే నాకు కడుపు నిండిపోయింది. సలోమి చూస్తే బాగుండేదనిపించింది.

మూడో ఆదివారం చికెన్ అంగడి ఎదుట నిలబడి చూశాను. అందరి భుజాలకూ నా సంచులే. వాటిలో బైబిళ్లు. రెండో చేతిలో మాత్రం నల్ల కవర్లు, మునుపటి లాగే ఊగుతూ పోతున్నాయి. మా వీధి మేరీని పట్టి ఆపాను.

“ఏం మే, సంచి ఇచ్చింది దేనికి? ఆ కవరేంది?”

“శిలువ ఉండే సంచిలో కోడి సియ్యలు ఎట్ల ఏస్తామక్కా? చెయ్యి రాదు.”

“డబ్బాలో పెట్టి ఏసుకోవచ్చు గదా!”

“డబ్బా నిలబడదక్కా, ఒరిగిపోతాది. పోయినారం మా అత్త అట్లనే పెట్టుకుంటే నెత్తురు కారి బైబిలు తడిసిపాయ. మా అత్త ఒకటే ఏడుపు. సంచి ఉతికి బీరువాలో పట్టుచీరల కింద దాసిపెట్టింది.”

నేను కుట్టింది బైబిలు సంచి. వాళ్లకు కావాల్సింది కూర సంచి. పాస్టరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. “క్రిస్మస్ దగ్గర పడతాండాది కరుణా” అంది, అంతే. తిట్టినా బాగుండేది. తీర్మానం మూలపడితే అది నా చేతిపని వల్లేనని అందరికీ తెలిసిపోతుంది. ఆ తర్వాత ఏం మొగం పెట్టుకుని షాపు తెరవాలి?

ఆళ్లగడ్డ బస్సెక్కాను. నేర్చుకోవడానికి అనుకునేరు! సలోమి సంచిలో తప్పు పట్టడానికి పోయాను. దాని సంచులు కూడా బీరువాల్లోనే ఉన్నాయని తేలితే నా మనసు చల్లబడేది.

“వందనాలక్కా! ఇన్నాళ్లకు దారి తెలిసిందా?” అని నాకు కుర్చీ వేసి టీ తెప్పించింది. మిషను మీద సగం కుట్టిన సంచి ఉంది. పాత జీన్స్ ప్యాంటు కాళ్లు కోసి కుట్టినది. పైపింగ్ లేదు, పువ్వు లేదు. నాకు సంతోషమేసింది.

“ఏందే ఇది, గోనెసంచి మాదిరి ఉండాది?”

“అంతే అక్కా. సూసేకి బాగుంటే దాసిపెడతారు.”

చెంప మీద కొట్టినట్టయింది. సంచి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. లోపల లైనింగ్‌గా విరిగిపోయిన గొడుగుల బట్ట వేసింది. నీళ్లు పోస్తే నెత్తురైనా పెరుగైనా కొట్టుకుపోతుంది. అడుగున చదరంగా ఒక ముక్క అతికింది, డబ్బా పెడితే కదలదు. అంతలో ఒకామె మూడు పాత ప్యాంట్లు, ఒక స్టీలు డబ్బా పట్టుకుని వచ్చింది. సలోమి ముందు టేపు తీసి డబ్బా చుట్టుకొలత, ఎత్తు రాసుకుంది.

“డబ్బా తేకుంటే కత్తెర పట్టనక్కా. ఒళ్లు సూడకుండా బట్ట కొయ్యొద్దని నువ్వే గదా నేర్పించినావ్. సంచికి డబ్బానే ఒళ్లు” అంది. ఆమె పోయాక గొంతు తగ్గించి, “నా కుట్టు ఊడిపోతాదన్న్యావంట?” అని అడిగింది.

టీ గ్లాసు కింద పెట్టాను. “ఎవరు చెప్పినారు?”

“ఎవరో చెప్పినార్లే. రెండు దినాలు కుట్టినవన్నీ లాగి లాగి సూసుకున్నా. అక్క అనిందంటే యాడో తప్పు ఉంటాదనుకున్నా.”

క్షమించమనే మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. అది లేచి సంచి పేపర్ కటింగ్, అంటే కాగితం మీద కోసి పెట్టుకున్న కొలత, మడిచి నా చేతిలో పెట్టింది. తిరుగు బస్సులో నా కుళ్లు తగ్గిందనుకుంటున్నారా? పెరిగింది. పనితనం ఇచ్చిన దేవుడు మంచితనం కూడా దానికే ఇచ్చాడే అని కుమిలిపోయాను.

ప్రతి ఇంటి నుంచీ పాత ప్యాంట్లు, డబ్బాలు తెప్పించి మళ్లీ కుట్టాను. క్రిస్మస్‌కు రెండు వారాల ముందు సంచులు చేతికందాయి. ఆ ఆదివారం చాలా చేతుల్లో నల్ల కవరు లేదు. అందరి చేతుల్లో అని చెప్పను, చాలా చేతుల్లో. తర్వాతి సమాజం కూడికలో పాస్టరమ్మ నన్ను నిలబెట్టి, “ఎంతైనా నీ చెయ్యి నీ చెయ్యే కరుణా” అంది. చప్పట్లు కొట్టారు. ఊరుకుంటే సరిపోయేది. కానీ కూర్చుని కుట్లు లాగి చూసుకుంటున్న సలోమి కళ్లకు కట్టింది.

“ఇది నా కటింగ్ కాదు. సలోమిది. దాని కుట్టు ఊడిపోతాదన్నది అబద్ధం. కుళ్లుతో అన్న్యాను” అన్నాను.

శాంతమ్మవ్వ కూర్చున్న చోటి నుంచే, “మాకు తెలుసులే కూతురా” అంది. “నేనేసుకున్న ఈ రవిక ఆ పిల్ల కుట్టిందే. నాలుగేండ్లాయ. ఒక్క పోగు ఊడలేదు.”

“తెలిసి నాకెందుకు ఇచ్చినారవ్వా?”

“ఆ పొద్దు నీ మొగం నువ్వు సూసుకోలేదు. ఇయ్యకుంటే చర్చికి రావడమే మానేస్తావని ఇచ్చినాం.”

ఇప్పటికీ సలోమి పేరు వింటే లోపల ఎక్కడో చురుక్కుమంటుంది. అది పోయేది కాదేమో. ఎవరైనా సంచి కుట్టమని వస్తే మాత్రం ముందు డబ్బా అడుగుతాను. మొదట కుట్టిన ఆ తెల్ల సంచులకు నేను కొలత తీసుకోలేదని చాలాకాలం అనుకున్నాను. తీసుకున్నాను. డబ్బా కొలత కాదు, సలోమి కొలత తీసుకున్నాను.