అఫ్వాకి సన్మానం

మా ఇల్లు బర్మాలో, మింగళ తౌంగ్‌న్యున్‌లో, నాలుగో అంతస్తులో. లిఫ్టు లేదు. అందుకని వీధిలో అందరిలాగే మేమూ బాల్కనీలోంచి కిందికి ఒక తాడు వేలాడదీశాం. కింద చివర క్లిప్పు, పైన గంట. పేపరైనా కూరలైనా తెచ్చినవాళ్ళు క్లిప్పుకి తగిలించి లాగితే గంట మోగుతుంది, మేం పైకి చేదుకుంటాం. ఆ తాడు మీద మాకంటే ఎక్కువ పెత్తనం మాత్రం మా మెట్ల పక్కన ఉండే ముసలావిడది. ఇక్కడ అవ్వని అఫ్వా అంటారు. మేమూ అలాగే పిలుస్తాం.

అఫ్వాకి ఇల్లు లేదు. మెట్లకీ గోడకీ మధ్య, వీధివైపు తెరుచుకున్న మూల ఒకటుంది. అక్కడ ఒక చాప, రెండు సంచులు, ఒక గొడుగు. అదీ ఆవిడ సంసారం. ఆకలేస్తే మా గంట మోగిస్తుంది. అమ్మ "ఏటే ముసిల్దానా, ఇందాకే కదా తిన్నావు" అని తెలుగులోనే కసురుతూ క్యారేజీ దించుతుంది. ఖాళీ క్యారేజీతోపాటు కింద నుంచి విమర్శ కూడా పైకొస్తుంది. ఒకరోజు చారులో పులుపెక్కువ, ఒకరోజు అన్నం పలుకు. అమ్మ గొణుక్కుంటుంది గానీ మర్నాడు చింతపండు తగ్గిస్తుంది. నేను చిన్నప్పటినుంచీ మొత్తుకున్నా తగ్గని చింతపండు అది.

ఈమధ్య స్టేషను చుట్టుపక్కల వంతెనల కింద పడుకునేవాళ్ళు బాగా పెరిగారు. ఇళ్ళద్దెలు ఎక్కడివాళ్ళని అక్కడ వీధిలోకి తోస్తున్నాయి. దీని మీద ఇక్కడి తెలుగువాళ్ళకి అవగాహన కలిగించాలని మా అమ్మవారి గుడి కమిటీ సభ తలపెట్టింది. కమిటీ పెద్ద మాకు వరసకి పెదనాన్న. మంచివారే. మైకు చేతికిస్తే మాత్రం తిరిగి పుచ్చుకోవడం కష్టం. ఆయన మా ఇంటికొచ్చి, ఇల్లులేని మనిషినొకర్ని వేదిక మీద కూర్చోబెట్టి సన్మానం చేద్దామనుకుంటున్నాం, మీకెవరైనా తెలుసా అని అడిగారు. కిందే ఉంది, వచ్చేటప్పుడు దాటే వచ్చారు అంది అమ్మ.

అఫ్వా సన్మానానికి వెంటనే ఒప్పుకుంది. ఆవిడ బెంగంతా చోటు గురించే. పక్కనున్న ఫోన్ల షాపు కుర్రాయన కొత్తగా జనరేటర్ కొన్నాడు. కరెంటు ఉండే గంటలకంటే పోయే గంటలే ఎక్కువైన రోజులివి, అతని అవసరం అతనిది. దాన్ని పెట్టడానికి ఆ మూల మీద అతనికెప్పట్నించో కన్ను. తను పూటసేపు లేస్తే జనరేటర్ కూర్చుంటుంది, అది ఒకసారి కూర్చుంటే ఇక లేవదు అని ఆవిడ భయం. ఆ వయసులో ఇంకో మూల వెతుక్కోవడం ఆవిడవల్ల కాదు. నాకు ఆదివారం సెలవు కాబట్టి, ఆవిడ వచ్చేదాకా నేను కూర్చోవాలని అమ్మ తీర్పు చెప్పేసింది.

అఫ్వా నాకు ముందే పాఠం చెప్పింది. కాళ్ళు చాపుకుని కూర్చో, చోటంతా నిండినట్టుండాలి. ఎవరేమడిగినా పలక్కు, పలికితే బేరం మొదలవుతుంది. ఇలా చెప్పి, చెంపలకి ఇక్కడి ఆడవాళ్ళలా తనకా గంధం పూసుకుని, జడలో పువ్వు పెట్టుకుని, గుడివాళ్ళ వ్యానెక్కి పెళ్ళికి పోయినట్టు పోయింది.

నేను కూర్చున్నాను. కాసేపటికి మా గుడి ఆడవాళ్ళు పట్టుచీరల్లో సభకి బయల్దేరారు. పలకరిద్దామని నవ్వాను. ఒకావిడ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దాటిపోయింది. ఇంకొకావిడ, రోజూ మా అమ్మకి ఫోన్ చేసే మనిషి, నా మొహం చూడకుండా ఒడిలో అరటిపండు పడేసి వెళ్ళింది. నన్ను ఎత్తుకుని పెంచినవాళ్ళు! నాకు ఒళ్ళు మండింది. అందులోనే నవ్వూ వచ్చింది. వీళ్ళంతా వెళ్ళేది పేదవాళ్ళ గురించి వినడానికే కదా. పండు మాత్రం బాగుంది.

మధ్యాహ్నానికి వ్యాను తిరిగొచ్చింది. ముందు అఫ్వా దిగింది. భుజాన శాలువా, మెడలో బంతిపూల దండ, చేతుల్లో గోడ గడియారం. మనకి సన్మానమంటే శాలువా, దండ, జ్ఞాపిక ఉండాలి. గుడి బీరువాలో జ్ఞాపికలకోసం ఎప్పుడూ గడియారాలే ఉంటాయి. ఇల్లులేదని పిలిచిన మనిషికి ఇస్తున్నప్పుడు గోడ సంగతి ఒక్కరికీ తట్టలేదు. అఫ్వా అటూ ఇటూ చూసి, గడియారాన్ని సంచిలో పెట్టి మా క్లిప్పుకి తగిలించి గంట మోగించింది. అది ఊగుతూ నాలుగంతస్తులు పైకి పోతుంటే, వ్యాను దిగిన పెదనాన్న తలెత్తి అలా చూస్తూ ఉండిపోయారు.

ఆయన వెనకే జనరేటర్ దిగింది. సభ మధ్యలో కరెంటు పోతే, మైకుకోసం షాపు కుర్రాయన తన కొత్త జనరేటర్ ఊరికే ఇచ్చి పంపాడు, అది వెళ్ళడం నేనూ చూశాను. అతను ఎదురొచ్చి, మోసేవాళ్ళకి మా మూల చూపించి, అక్కా కాస్త లేస్తారా అని మర్యాదగా అడిగాడు. నేను పాఠం ప్రకారం పలకలేదు, కాళ్ళు ఇంకాస్త చాపాను. అఫ్వా దండతో సహా వచ్చి నా పక్కన కూర్చుంది. చాప అంచుని ఆవిడ గట్టిగా పట్టుకుంది.

కుర్రాయన పెదనాన్నవైపు తిరిగాడు. గుడికి అవసరమైతే నేనిచ్చాను, ఇప్పుడు మీరు చెప్పి నాకీ చోటిప్పించండి అన్నాడు. అందులో తప్పేమీ లేదు. నవరాత్రులకీ ఆ జనరేటరే కావాలని పెదనాన్నకి తెలుసు. అప్పుడే గంటసేపు మాట్లాడొచ్చిన మనిషి కండువాతో మొహం తుడుచుకున్నారు. చివరికి నెమ్మదిగా, "ఇక్కడ మనిషి ఉంది కదా బాబూ" అన్నారు.

కుర్రాయన సణుక్కుంటూ జనరేటర్ని తన షాపు ముందే దింపించుకున్నాడు. కొత్త అద్దాల తలుపు సగం మూసుకుపోయింది. మాకు హమ్మయ్య అనిపించింది. అఫ్వాకి అనిపించలేదు. ఆవిడ పెదనాన్నని అడిగింది:

"రేపు కూడా వస్తారా, సయా?"

ఇక్కడ పెద్దమనుషుల్ని సయా అంటారు. ఆయన ఆవిడ చాపనీ, పక్కనున్న జనరేటర్నీ చూశారు. వస్తానన్నారు.

మర్నాడు పొద్దున్నే అమ్మ నన్ను బాల్కనీలోకి పిలిచింది. కింద పెదనాన్న టీకొట్టు పొట్టి స్టూలు వేసుకుని, అఫ్వా పక్కన కూర్చుని టీ తాగుతున్నారు. స్టూలు కాలొకటి ఆవిడ చాప మీదుంది. అది నా చోటు, కాస్త అవతలికి జరగమని అఫ్వా చెప్తోంది. ఆయన టీ గ్లాసు పట్టుకునే లేచి స్టూలు జరుపుకున్నారు.