చింతపండుతో తోమిన చెంబు

మా ఇంట్లో ఇత్తడి వస్తువును తోమకుండా గూట్లో పెట్టరు. చిన్నప్పటి నుంచీ ఒంటబట్టిన ఆ అలవాటే నా కొంప ముంచింది.

వారమంతా సింగపూర్ రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు కంప్యూటర్ల ముందు కూర్చుంటాను. శనివారాలు మాత్రం మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని, పాత బ్రిటిష్ మిలిటరీ క్యాంపులున్న గుట్టల మీద తిరిగే ఒక సర్వే బృందంతో పోయేవాణ్ణి. అనుమతి కాగితాలతోనే. బొత్తాలు, తూటా తొడుగులు, అప్పుడప్పుడూ నాణేలు దొరికేవి. దొరికినవాటిని దొరికినట్టే కవర్లో వేసి, చోటు రాసి ఇచ్చేయాలి. మా ఆవిడ నన్ను "పాత ఇనప సామాన్లాయన" అనేది. బృందాన్ని నడిపే చైనీస్ అంకుల్‌ది వారం వారం ఒకటే పాట: "డోంట్ వాష్, ఓకే? డర్ట్ ఆల్సో ఎవిడెన్స్ లాహ్." నేను తలూపేవాణ్ణి. ఆఫీసులో నేర్చిన విద్య అదొక్కటే.

బుకిట్ పంజాంగ్‌లో మా బ్లాకులోనే, మూడో అంతస్తులో ఒక ఆంటీ ఉంది. ఎనభై దాటాయి. పుట్టింది ఇక్కడే. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవడం, రాయడం రావు. లిఫ్టు దగ్గర కనిపిస్తే "మకాన్ అయిందా తంబీ?" అని అడిగి, తిన్నానన్నా వినకుండా ఏదో ఒకటి తినిపించి పంపుతుంది. వాళ్ళ నాన్న ఆ క్యాంపుల్లో ఒకదాంట్లో వంటవాడు. జపాన్ వాళ్ళ యుద్ధం మీదికొచ్చిన రోజుల్లో పనికని వెళ్ళి మరి తిరిగి రాలేదు. అప్పటికి ఈమె తల్లి కడుపులో ఉంది. శవం లేదు, కబురు లేదు. పెళ్ళాన్ని వదిలేసి పారిపోయాడని బంధువులు తేల్చేశారు. ఆ మాట పడుతూనే తల్లి పోయింది. ఆ మాట పడుతూనే ఈమె ముసలిదైంది.

"మా అయ్య పారిపోనేదని ఒక్క ముక్క దొరికితే సాలు తంబీ, నిమ్మళంగా పోతాను" అనేది.

ఒక శనివారం వాళ్ళ నాన్న పనిచేసిన క్యాంపు వంటశాల పునాదుల దగ్గర డిటెక్టర్ గట్టిగా కూసింది. జానెడు లోతున ఇత్తడి చెంబు. మన చెంబే, ఒక్క చూపులో తెలిసిపోయింది. దాన్ని కవర్లో వేయలేదు, కాగితం మీద రాయలేదు. ఎవరూ చూడకుండా నా సంచిలో వేసుకున్నాను. ముందు ఆంటీకి చూపించి సోమవారం ఇచ్చేద్దాంలే అని సర్దిచెప్పుకున్నాను.

ఇంటికొచ్చాక, మట్టిగొట్టుకుపోయిన చెంబును పెద్దావిడ చేతిలో ఎలా పెట్టడం అనిపించింది. చింతపండు, ఉప్పు, పీచు తీసుకుని సింకు ముందు గంటసేపు రుద్దాను. అడుగున చిలుము మొండిగా పట్టి ఉంటే అక్కడ ఇంకా గట్టిగా రుద్దాను. అందులో గీతలాంటిది ఒకటి కనిపించింది కూడా. పగులేమో అనుకున్నాను. చెంబు తళతళలాడింది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆంటీ దాని మెరుపు చూడనే లేదు. చేతికి అందగానే తిరగేసింది.

"ఏదీ? అయ్య మేకుతో తన అచ్చరం గీసుకున్నాడని అమ్మ సెప్పేది. అక్కడ అందరి సెంబులూ కలిసిపోయేవట. పారిపోయేవాడు తన సెంబు వదిలి పోతాడా?"

అడుగు నున్నగా ఉంది.

ఫోన్ తీసి, తోమకముందు తీసిన ఫొటోలన్నీ వెతికాను. అన్నీ పైనుంచి తీసినవే. "తోమేశానాంటీ. అక్కడ గీత ఒకటి ఉన్నట్టుంది. అది అక్షరమో కాదో చూసుకోలేదు" అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. చెంబు అడుగును బొటనవేలితో తడిమింది. తర్వాత లేచి, వంటింటి సొరుగులోంచి ఒక మేకు తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వే సెరిపేసావు, నువ్వే రాయి. నాకు రాదు కదా."

తప్పని తెలుసు. అంకుల్‌కి తెలిస్తే నన్ను మళ్ళీ గుట్ట ఎక్కనివ్వడు. అయినా ఆమె తండ్రి పేరు చెబితే మొదటి అక్షరం గీశాను. కొత్త గీత మరీ మెరుస్తుంటే ఆంటీ అందులో కాస్త కుంకుమ అద్దింది.

ఆ సోమవారం వచ్చింది, పోయింది. చెంబు ఆంటీ దేవుడి అలమరలోనే ఉండిపోయింది. నేను గుట్టకు పోవడం మానేశాను. అంకుల్ మెసేజ్ పెట్టినప్పుడల్లా నడుం నొప్పి అని రాస్తున్నాను.

పోయిన ఆదివారం ఆంటీ కబురు పెడితే కిందికి వెళ్ళాను. ఆమె పెదనాన్న కొడుకు వచ్చి ఉన్నాడు. పారిపోయాడన్న మాట మొదట పుట్టింది వాళ్ళింట్లోనే. ఆ ముసలాయన కళ్ళజోడు సర్దుకుంటూ చెంబు అడుగునే చూస్తున్నాడు.

ఆంటీ నా వైపు తిరిగింది. "దొరికినప్పుడే ఉంది కదా తంబీ?"

"ఉందాంటీ" అన్నాను.

ఆయన చెంబును రెండు చేతులా పట్టుకుని "బాబాయ్" అని ఏడ్చాడు. ఆంటీ ఏడవలేదు. ఆయనకు కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది. నేను చెప్పింది అబద్ధమో కాదో ఈ రోజుకీ నాకు తెలియదు. తెలుసుకునే వీలు లేకుండా తోమింది నేనే.