క్యాంపుకి పోయిన చిన్నాయన

నా చిన్నప్పుడు తార్నాకలో మా చిన్నమ్మ ఇంటి వరండాలో ప్రతి ఆదివారం రెండు మగ చొక్కాలు ఆరేసేవాళ్ళం. ఉతికేది అమ్మమ్మ, దులిపి తీగ మీద వేసేది నేను. వీధిలోకి బాగా కనబడేలా వేయాలి. ఆ చొక్కాలు తొడుక్కునే మనిషి మాత్రం ఆ ఇంట్లో లేడు. తొడిగేవాడే లేనప్పుడు అవి మాసేది ఎక్కడ? అయినా వారం వారం వాటికి సబ్బు అరగదీశాం. ఇప్పుడు డెబ్బైకి దగ్గర పడ్డాను, పొద్దున లేస్తూనే బీపీ మాత్ర వేసుకుంటాను, అయినా ఆ సంగతి గుర్తొస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఆయన మా చిన్నమ్మ భర్త. వరసకి చిన్నాయన అనాలి, కానీ ఆ పిలుపు నా నోటికి రాదు. జిల్లాలు తిరిగే సర్కారు కొలువు ఆయనది. ఒకనాడు క్యాంపుకని పెట్టె సర్దుకుని పోయాడు, పోయినవాడు పోయినట్టే. ఉద్యోగం కూడా వదిలేశాడని తర్వాత తెలిసింది. బొంబాయిలో ఎవరితోనో కాపురం పెట్టాడని ఒకరు, షోలాపూర్ బజార్లో కనబడ్డాడని ఇంకొకరు చెప్పారు. చిన్నమ్మ మనుషుల్ని పంపి వెతికించింది, దొరకలేదు. ఆమెకు పిల్లలు లేరు. యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం చేసేది. ఒంటరిగా ఉండలేదని మా అమ్మ, సీతాఫల్‌మండి నుంచి అమ్మమ్మనీ నన్నూ ఆమెకు తోడుగా పంపింది.

వచ్చిన నాడే అమ్మమ్మ మా ఇద్దరికీ గట్టిగా చెప్పింది. "ఎవరడిగినా క్యాంపుకి పోయిండనాలె. ఇంకో ముచ్చట ఎత్తొద్దు." మొగుడు వదిలేశాడని తెలిస్తే ఆడదాన్ని లోకం బతకనివ్వదని ఆమె భయం. ఆ భయం ఉత్తిదని నేననను, ఆ కాలం అలాంటిదే. కానీ ఆ భయం కోసం ఆమె చేయని పని లేదు. గడప పక్కన ఆయన చెప్పుల జత పెట్టి రోజూ తుడిచేది. సాయంత్రం వార్తల వేళకి రేడియో సౌండు పెంచేది, ఇంట్లో మగమనిషి కూర్చుని వింటున్నట్టు వీధికి తెలియాలి కదా. తప్పు చేసి పారిపోయినవాడు ఎక్కడో హాయిగా ఉంటే, ఆయన పరువుకి మేము ముగ్గురు ఆడవాళ్ళం ఇక్కడ చాకిరీ చేశాం.

ఇక ఆ ఇంటి సంగతి. చిన్నమ్మ తన పుట్టింటి బంగారం అమ్మి, జీతంలో మిగిల్చుకుంటూ కొన్న ఇల్లది. మొగుని పేరు లేకపోతే బాగుండదని పెద్దవాళ్ళు అంటే, కాగితాల మీద ఇద్దరి పేర్లూ రాయించింది. ఆయన పోయాక కొన్నేళ్ళకు ఆయన అన్న ఒకరోజు ట్రంకుపెట్టె, మంచం రిక్షాలో వేసుకొచ్చి ముందు గదిలో దించాడు. దించి, గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "ఈ అర్ర నా తమ్మునిది. దసరా అయినంక పిల్లలతోని వచ్చేస్తం" అన్నాడు. చిన్నమ్మ తన ఇంట్లోకి తనే వెనక గుమ్మం నుంచి వెళ్ళాల్సి వచ్చింది. ఆ మనిషి కుటుంబం దిగితే ఆమె ఆ ఇంట్లో వంటమనిషిగా మిగిలిపోతుంది. అందుకే ఇల్లు అమ్మేసి, తన వంతుతో ఎంత చిన్నదైనా తనదే అనే చోటు ఒకటి కొనుక్కోవాలనుకుంది.

నల్లకుంట నుంచి ఒకాయన వచ్చి ఇల్లు చూశాడు. తాళం వేసిన గది తప్ప అన్నీ నచ్చాయి. సారు సంతకం కూడా కావాలి కదా, సారెక్కడ అని అడిగాడు. చిన్నమ్మ నోరు తెరిచేలోపు అమ్మమ్మ అందుకుంది, క్యాంపుకి పోయిండని. అట్లయితే సారొచ్చినంక కబురు చెయ్యండ్రి అని ఆయన లేచిపోయాడు. ఆ పూట చిన్నమ్మ అన్నం ముట్టలేదు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని యూనివర్సిటీకి వెళ్ళింది. లైబ్రరీకి పుస్తకాల కోసం వచ్చే లా సారు ఒకాయన ఉండేవారు, కోస్తా జిల్లాల మనిషి. పెద్ద రాతి భవనం మెట్ల మీద నిలబడి చిన్నమ్మ మొదటిసారి ఒక పరాయి మనిషికి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన తల వంచుకుని విన్నారు. "మీ వాటా మీరు అడగవచ్చమ్మా. కోర్టులో దావా వేయండి. ముందు ఆయనకి నోటీసు పంపుతారు. మనిషి దొరకడం లేదని తేలితే పేపర్లో ప్రకటన వేస్తారు. అప్పటికీ రాకపోతే కోర్టే ఇల్లు అమ్మించి, ఆయన వంతు తన దగ్గరుంచి మీది మీకిస్తుంది" అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని ఎంత వేగంగా నడిచిందంటే నేను పరుగెత్తాల్సి వచ్చింది.

దావా పడింది. కోర్టు బంట్రోతు నోటీసు పట్టుకుని వచ్చిన రోజు చిన్నమ్మ పనిలో ఉంది, అమ్మమ్మ తలుపు తీయలేదు. అతను చుట్టుపక్కల అడిగాడు. పక్కింటి అత్తయ్యగారు, ఉన్నారండీ, క్యాంపుకెళ్ళారు, రేపో ఎల్లుండో వచ్చేస్తారు అని చెప్పారు. ఎదురుగా కిరాణా కొట్టు నడిపే సేటు, మొన్న ఐతారమే సారు అంగీలు ఆరేసిండ్రని వత్తాసు పలికాడు. బంట్రోతు అదంతా రాసుకుని పోయాడు. మనిషి ఆ ఇంట్లోనే ఉంటున్నాడుగా, పేపర్ ప్రకటన ఎందుకని కోర్టులో చిన్నమ్మ అర్జీ పక్కన పెట్టేశారు. ఆయన అన్న ఇంటికొచ్చి మరీ నవ్వాడు. "నా తమ్ముడు గీడనే ఉన్నడని వాడకట్టంత చెప్తున్నది" అన్నాడు. ఆ నవ్వుకి నాకు చెయ్యెత్తి కొట్టాలనిపించింది. పదేళ్ళ పిల్లని, ఏం చేయగలను.

ఆ ఆదివారం నేను చొక్కాలు తీగ మీద వేస్తుంటే చిన్నమ్మ వచ్చి వాటిని లాక్కుంది. తడి చొక్కాలతోనే గేటు తీసుకుని వీధి నల్లా దగ్గరికి నడిచింది. ఆడవాళ్ళంతా బిందెలతో అక్కడే ఉన్నారు, సేటు కొట్టు ముందు ఊడుస్తున్నాడు. అమ్మమ్మ వెనకే పరుగెత్తి కొంగు పట్టుకుని లాగింది.

"లోపలికి నడువ్. ఇజ్జత్ పోతది."

"పోయేది ఆయన ఇజ్జత్ అమ్మా. నేనెందుకు మొయ్యాలె?"

కొంగు విడిపించుకుని అందరి వైపూ తిరిగింది. గొంతు పెంచలేదు. "మా ఆయన నన్ను ఇడిచిపెట్టి పోయిండు. ఎక్కడున్నడో నాకు తెల్వదు. ఇవి తొడిగేటోడు ఈ ఇంట్ల లేడు. కోర్టు మనిషి మళ్ళ వస్తడు, మీకు తెలిసింది చెప్పండ్రి" అంది.

ఎవరైనా ముక్కున వేలేసుకుంటారనుకున్నాను. ఎవరూ వేసుకోలేదు. నల్లా కింద బిందె నిండి పారుతున్నా ఎవరూ తీయలేదు. పక్కింటి అత్తయ్యగారు నెమ్మదిగా, "మాకు ఎప్పుడో తెలుసమ్మా. నీ పరువు పోకూడదనే కోర్టు మనిషితో అలా చెప్పాం" అన్నారు. సేటు చీపురు వైపు చూస్తూ తలూపాడు.

అంటే వీధి వీధంతా తెలుసు. మేము ఎవరి కళ్ళు కప్పాలని చొక్కాలు ఆరేశామో వాళ్ళే మమ్మల్ని చూసి, చూడనట్టు ఉండి, ఆ అబద్ధాన్ని మాకోసం జాగ్రత్తగా కాపాడుతున్నారు. వాళ్ళు అబద్ధమాడింది దయతోనే, నాకు తెలుసు. కానీ అంత దయ ఉన్నవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరోజైనా ఆమె పక్కన కూర్చుని, ఎట్లున్నవని అడగొచ్చు కదా. చిన్నమ్మ వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటీ చూసింది. "మీరందరు మంచోళ్ళే. మీ మంచితనమే నా కొంప ముంచింది" అని, చొక్కాలు నల్లా గట్టు మీద పడేసి లోపలికి వచ్చేసింది.

తర్వాత బంట్రోతు మళ్ళీ వచ్చాడు. ఈసారి అత్తయ్యగారు బయటికి వచ్చి నిజం చెప్పి సంతకం పెట్టారు, సేటూ పెట్టాడు. పేపర్లో ప్రకటన పడింది. ఎవరూ రాలేదు. చాలా కాలమే పట్టింది కానీ కోర్టు ఇల్లు అమ్మించింది. దావా నడుస్తుండగా కుటుంబాన్ని దించలేకపోయిన ఆయన అన్న తనే వచ్చి తాళం తీసి, మంచం నెత్తిన పెట్టుకుని పోయాడు. ఆయన వంతు కోర్టులోనే ఉండిపోయింది, తీసుకోవడానికి ఆయన ఏనాడూ రాలేదు. చిన్నమ్మ వారాసిగూడలో రెండు గదుల ఇల్లు కొనుక్కుని, ఒక్క తన పేరు మీదే రాయించుకుంది. కొన్నాళ్ళు మూతి ముడుచుకున్న అమ్మమ్మే, నల్లా గట్టు మీంచి తెచ్చి దాచిన ఆ చొక్కాలని చివరికి పాత బట్టలకు గిన్నెలిచ్చేవాడికి వేసింది. ఇంకొంచెం పెద్ద గిన్నె ఇవ్వమని బేరం కూడా ఆడింది.

ఆ రోజు నుంచి నాకు ఒక్క విషయంలో ఓపిక లేదు. ఒకరు చేసిన తప్పుకి ఇంకొకరు సిగ్గుపడుతుంటే, చుట్టూ ఉన్నవాళ్ళు మర్యాద పేరుతో కళ్ళు తిప్పుకుంటుంటే నేను ఊరుకోలేను. పిల్లలు నన్ను కోపిష్టిదంటారు, అననీ. మొన్న మా అపార్టుమెంటు లిఫ్టులో పై అంతస్తు అమ్మాయి కలిసింది. కంటి కింద నల్లగా కమిలింది. అడక్కుండానే, బాత్రూంలో జారిపడ్డానాంటీ అంది. వాళ్ళింట్లో అరుపులు మా అంతస్తు దాకా వినబడతాయి, అందరం వింటాం. లిఫ్టులో మేమిద్దరమే ఉన్నాం. "నువ్వు పడలేదని నాకు తెలుసు బిడ్డా. తెల్వనట్టు ఉండుడు నాకు రాదు. మా ఇంటికి రా" అన్నాను. మా అంతస్తులో లిఫ్టు ఆగింది, నేను దిగాను. తలుపు మూసుకుంటుండగా ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.