మా సలోమక్క అడిగిన సన్న తీగలు

మా చిన్నప్పుడు మా అక్క చేత గిటారు మాన్పించింది మీరే... "మేమెప్పుడు?" అని కనుబొమలు ఎగరేస్తూ ఇది చదువుతున్న మీరే. "ఆడపిల్లల వేళ్ళకి గిటారు లొంగదులెండి" అని ఒక్కసారైనా అన్నవాళ్ళూ, పక్కవాళ్ళు అంటే తలాడించినవాళ్ళూ అందరూ.

పెనుగొండ దగ్గర పల్లె మాది. మా పేటలో చిన్న చర్చి. శనివారం సాయంత్రం పాటల ప్రాక్టీసు. ఉన్నది ఒకటే గిటారు. దానికి పదమూడో నంబరు తీగలు... అంటే షాపుల్లో దొరికేవాటిలో బాగా లావు సెట్టు. డోలక్కూ తాళాలూ దాటుకుని గిటారు వినపడాలంటే లావు తీగలే ఉండాలని మా పాటల మాస్టారి సిద్ధాంతం. లావు తీగకు మోత ఎక్కువే, కాదనను. ఆ మోత కోసం నొక్కే వేలు ఎవరిదన్నది మాత్రం ఆయన సిద్ధాంతంలో లేదు.

మా అక్క సలోమి. అప్పుడే పదో తరగతి అయింది. కొత్త ధాన్యం తెచ్చి అర్పించే కోత పండుగ ఆదివారం, ముందు వరసలో కూర్చుని గిటారు వాయించాలని తన కోరిక. మా చర్చిలో అంతకుముందు ఏ ఆడపిల్లా వాయించలేదు. మాస్టారు కాదనలేదు, షరతు పెట్టారు. ఊడ్పులు, అంటే వరినాట్లు, అయ్యేలోగా ఎఫ్ కార్డు అనే కష్టమైన స్వరాల పట్టు పట్టి చూపించాలి. చూపుడు వేలు ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి, ఒక్క తీగా మూగబోకుండా నొక్కాలి...

గిటారు నేర్చుకునేవాళ్ళ వేలికొసలు మొదట పుండవుతాయి, తరవాత కాయ కాస్తాయి. కాయ కాశాక నొప్పుండదు. మా చర్చిలో నేర్చుకునే అబ్బాయిలకు నెలలో కాసేశాయి. మా అక్క పొద్దున్నే అమ్మతో కూలికి మడిలోకి దిగేది. ఊడ్పులు ఆడవాళ్ళ పని కదా... రోజంతా వేళ్ళు బురద నీళ్ళలోనే. కట్టిన కాస్త కాయా నానిపోయి తెల్లటి పొరలా ఊడొచ్చేది. ప్రతి శనివారమూ పచ్చి వేళ్ళతో మళ్ళీ మొదలు.

ఒక శనివారం అక్క అడిగింది. "మాస్టారండీ, ఇంతకన్నా సన్న తీగలు ఉంటాయంటండి. అవి వేయిస్తారాండి?"

మాస్టారు నవ్వారు. "దోమ పాడినట్టుంటుందమ్మా. వెనక బల్లలవాళ్ళకి ఏం వినపడుతుంది?"

డోలక్ వాయించే ఏసుబాబు అందుకున్నాడు. "సలోమక్కకి తీగలెందుకండి, గరికపోచలు కట్టేద్దాం."

అందరూ నవ్వారు. చాప మీద కూర్చున్న నేనూ నవ్వాను. తొమ్మిదేళ్ళ పిల్లనని నన్నేం వదలక్కర్లేదు, మీ వరసలోనే కూర్చోబెట్టండి.

అక్క "ఆయ్, అలాగేనండి" అని మళ్ళీ గిటారు ఎత్తుకుంది.

ప్రసంగం చెప్పే బల్ల దగ్గర అప్పటికే మైకు ఉంది. పాటప్పుడు దాన్ని నాలుగడుగులు ఇటు జరిపితే సరిపోయేది. ఒక్కరికీ తోచలేదు...

ఊడ్పుల ఆఖరి శనివారం పరీక్ష. రెండు చరణాలు నెట్టుకొచ్చింది. మూడో చరణంలో ఎఫ్ కార్డు దగ్గర వేలు చిట్లింది. రక్తానికి వేలు జారి, తీగలు టకటకమని మూగబోయాయి. మాస్టారు తిట్టలేదు. దయగా మాట్లాడారు, ఆ దయే నాకు ఈనాటికీ మంట. "పోనీలేమ్మా. దేవుడు నీకు మంచి గొంతిచ్చాడు, పాడుకో. వేళ్ళు అందరికీ కుదరవు."

ఇంటికొచ్చాక అమ్మ కొబ్బరినూనె రాస్తూ "మన చేతులింతేనే" అంది.

కోత పండుగకు, అప్పుడప్పుడే నేర్చుకుంటున్న సంఘ పెద్దగారి అబ్బాయి వాయించాడు. నవ్వుకుంటూ, హాయిగా... అర్పణకు తెచ్చిన బస్తాల్లో అక్క ఊడ్చిన మడి ధాన్యమూ ఉంది. అక్క వెనక బల్ల మీద ఉంది. మళ్ళీ ఎన్నడూ వాయించలేదు.

అక్క వేళ్ళే చేతకానివని ముప్పై ఏళ్ళు నమ్మాను. మొన్న మా అమ్మాయి గిటారుకు తీగలు కొందామని రాజమండ్రిలో షాపుకెళ్ళాం. షాపాయన గిటారు పక్కన పెట్టి, ముందు పిల్ల వేళ్ళు చూశాడు. "కొత్తగా నేర్చుకుంటున్నారాండి? అయితే పదో నంబరు సెట్టు వేద్దాం. మోత కాస్త తగ్గుతుందనుకోండి. చెయ్యి అలవాటయ్యాక పదకొండో పన్నెండో చూసుకోవచ్చు." అంతే... అర నిమిషం మాట.

బయటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను. అంతా విని అక్క అంది.

"నాకు తెలుసే. పండుగ మర్నాడు చర్చి ఊడవడానికెళ్ళి గిటారు ముట్టుకున్నాను. సన్న తీగలే ఉన్నాయి. ఆ అబ్బాయికి వేళ్ళు నొప్పంటే మార్పించారంట."

"మరి నువ్వు అడగలేదేంటక్కా?"

"ముందే అడిగాను కదే. నవ్వారు కదా మీరంతా."

ఇప్పుడైనా ఒక గిటారు కొనిస్తానన్నాను. "వేళ్ళు ముడుచుకోవట్లేదే ఇప్పుడు" అని, అన్నం తిన్నావా అని అడిగి పెట్టేసింది.

ఇప్పుడు మా చర్చిలో కీబోర్డుంది, మనిషంత ఎత్తు స్పీకర్లున్నాయి. వెనక బల్లలకి వినపడదన్న సాకు ఎప్పుడో పోయింది. పోయిన ఆదివారం మా అమ్మాయిని చూసి ఒక పెద్దాయన "ఆడపిల్లకి కీబోర్డు నయం కదండీ" అన్నాడు. ఆ మాట మాత్రం చెక్కుచెదరలేదు.

జ్ఞాపకం చెప్పి నిట్టూర్చి పోయేదాన్ని కాదు నేను. అడుగుతున్నాను.

నేర్చుకునేవాళ్ళ గిటారుకు సన్న తీగలు వేయండి.

ఊడ్పుల రోజుల్లో పరీక్షలు పెట్టకండి.

ఫలానావాళ్ళ చేతులకు ఫలానాది కుదరదనే ముందు, ఆ చేతులు పొద్దుటినుంచీ ఏం పని చేశాయో కనుక్కోండి.

పెద్దగారి అబ్బాయికి మార్చగలిగింది, కూలిపిల్ల అడిగినప్పుడే మార్చండి.

మీ ఇంట్లోనో మీ ఊళ్ళోనో ఇలా మానేసిన మనిషి పేరు కింద రాయండి. ఆ రోజు మీరేమన్నారో కూడా రాయండి.